స్టాల్, స్పిన్, స్నాప్ రోల్: ఏరోబాటిక్ విమానం గాల్లో ఏం చేస్తుంది? (తరచుగా అడిగే ప్రశ్నలు)

విన్యాసాల విమానాల గురించి నన్ను అడిగే ప్రశ్నల్లో సగానికి పైగా ఈ మూడింటి మీదే. పైలట్ శిక్షణలో ఉన్న కుర్రాళ్లు అడుగుతారు, పిల్లల్ని ఆ చదువుకు అమెరికా పంపిన తల్లిదండ్రులు అడుగుతారు, బేగంపేటలో ఎయిర్ షో చూసొచ్చినవాళ్లు అడుగుతారు. అందరికీ కలిపి ఒకేచోట జవాబులు రాస్తున్నాను. ఎక్కువగా మూడు విమానాలను దృష్టిలో పెట్టుకుని చెబుతాను. మొదటిది శిక్షణకు వాడే సూపర్ డెకథ్లాన్. రెండోది చిన్న బైప్లేన్ (ఒకదానిపై ఒకటి రెండు రెక్కల వరసలున్న విమానం) పిట్స్ ఎస్-2. మూడోది జర్మనీలో వాల్టర్ ఎక్స్‌ట్రా తయారుచేసిన ఎక్స్‌ట్రా 300. ఒకే పని చేయమంటే ఈ మూడూ మూడు రకాలుగా చేస్తాయి. ఆ తేడా తెలిస్తే విషయం సగం అర్థమైనట్టే.

ముందే ఒక మాట. ఇది చదివి ఎవరూ ఒంటరిగా ప్రయత్నించకండి. ఇందులో ఏదైనా సరే, ఆ విమానం బాగా తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగానే నేర్చుకోవాలి.

స్టాల్ అంటే ఇంజన్ ఆగిపోవడమా?

కాదు. ఇంజన్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇంజన్ ఫుల్ పవర్ మీద ఉన్నా విమానం స్టాల్ అవుతుంది. అసలు ఇంజనే లేని గ్లైడర్ కూడా స్టాల్ అవుతుంది. ఎదురొచ్చే గాలికీ రెక్కకూ మధ్య ఒక కోణం ఉంటుంది. ఆ కోణం హద్దు దాటితే, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారాల్సిన గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి ఎత్తే బలం, పడిపోతుంది. చాలా రెక్కలకు ఆ హద్దు 15 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉంటుంది.

అయితే స్టాల్ స్పీడ్ అని పుస్తకంలో ఎందుకు రాస్తారు?

ఆ అంకె ఒకే ఒక్క పరిస్థితికి వర్తిస్తుంది. విమానం నిండు బరువుతో, రెక్కలు సమంగా, 1 జీ మీద (అంటే రెక్కల మీద మామూలు బరువే ఉండగా; 2 జీ అంటే దానికి రెట్టింపు భారం) నిదానంగా ఎగురుతున్నప్పటి లెక్క అది. స్టిక్ (ముక్కును పైకీ కిందికీ, విమానాన్ని పక్కలకూ వంచే చేతి కర్ర) వెనక్కి లాగి జీ పెంచారా, ఆ అంకె కూడా పెరుగుతుంది. ఎంత పెరుగుతుందంటే, జీకి వర్గమూలం కట్టి స్టాల్ స్పీడ్‌తో గుణించాలి. 60 డిగ్రీల బ్యాంక్‌లో (రెక్కలను పక్కకు అంత వాల్చి) ఎత్తు పోకుండా తిరిగితే రెక్కల మీద 2 జీ పడుతుంది, స్టాల్ స్పీడ్ 1.41 రెట్లవుతుంది. 4 జీ లాగితే రెట్టింపు.

ఒక ఉదాహరణ. మీ విమానం మామూలు స్టాల్ స్పీడ్ గంటకు 60 మైళ్లు అనుకోండి. 120 మైళ్ల వేగంలో స్టిక్‌ను గట్టిగా వెనక్కి లాగితే అక్కడే స్టాల్ అవుతుంది, ఆ క్షణంలో రెక్కల మీద 4 జీ ఉంటుంది. ముక్కు నేలవైపు చూస్తున్నా, ఆకాశంవైపు చూస్తున్నా, విమానం తలకిందులుగా ఉన్నా ఇదే లెక్క. శిక్షణలో ఉన్నవాళ్లకు నేను మళ్లీ మళ్లీ చెప్పేది ఇదొక్కటే: విమానాన్ని స్టాల్ చేసేది స్పీడోమీటర్ ముల్లు కాదు, స్టిక్ పట్టుకున్న చెయ్యి. స్పిన్ అయినా, స్నాప్ అయినా, వాటి నుంచి బయటపడటమైనా అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

ఏరోబాటిక్ విమానం స్టాల్‌కీ, మామూలు సెస్నా స్టాల్‌కీ తేడా ఏమిటి?

సెస్నా 172 లాంటి విమానం రెక్కను పైలట్‌కు బోలెడు హెచ్చరిక ఇచ్చేలా మలిచారు. రెక్క కొసలను కొంచెం కిందికి మెలిపెట్టి ఉంచుతారు. దాంతో మొదలు దగ్గర ముందు స్టాల్ అయి, కొసలు ఇంకా పనిచేస్తూ ఉంటాయి. హారన్ మోగుతుంది, విమానం వణుకుతుంది, ముక్కు మెల్లగా కిందికి వాలుతుంది. పట్టించుకోకపోయినా చాలాసేపు ఊరుకుంటుంది.

ఎక్స్‌ట్రా 300 అలా కాదు. దాని రెక్క పైనా కిందా ఒకే వంపుతో సౌష్టవంగా ఉంటుంది, ఎందుకంటే అది తలకిందులుగా కూడా అంతే బాగా ఎగరాలి. ముందస్తు వణుకు తక్కువ. హద్దు దాటిందా, టక్కున తెగిపోయినట్టు స్టాల్ అవుతుంది. స్టిక్ ఒక్క అంగుళం ముందుకు వదిలితే అంతే టక్కున మళ్లీ ఎగురుతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి భయపడతారు గానీ, నాకు మాత్రం ఈ స్పష్టత ఇష్టం. చెప్పింది చెప్పినట్టు చేసే విమానం అది, పైలట్ తప్పు చెప్పినా సరే.

డెకథ్లాన్ ఈ రెండింటికీ మధ్యస్థం. దాని రెక్క సగం సౌష్టవం. స్టాల్ దగ్గర కాస్త వణికి, ముక్కు పైకీ కిందికీ ఊగుతుంది. పిట్స్‌లో రెక్కలు పొట్టివి, విమానం మొత్తం పొట్టిది, కాబట్టి అన్నీ చకచకా జరిగిపోతాయి. పైగా పిట్స్‌కు గాలి నిరోధం ఎక్కువ. పవర్ తీసేస్తే వేగం ఊడ్చుకుపోతుంది.

స్టాల్‌లో ఒక రెక్క వాలితే స్టిక్ ఎదురు పక్కకు తిప్పి లేపకూడదా?

అందరికీ ముందు అదే చెయ్యాలనిపిస్తుంది. ఎడమ రెక్క వాలింది, స్టిక్ కుడికి తిప్పారు. అప్పుడు ఎడమ ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి దిగుతుంది. దాంతో ఆ రెక్క కోణం ఇంకా పెరుగుతుంది. ఇప్పటికే స్టాల్ అయిన రెక్క ఇంకా లోతుగా స్టాల్ అవుతుంది, దాని మీద గాలి నిరోధం పెరిగి ముక్కును అటే లాగుతుంది. లేపబోయిన రెక్క ఇంకా కిందికి పోతుంది. స్టాల్‌లో ముందు స్టిక్ ముందుకు, ముక్కు పక్కకు జరగకుండా రడ్డర్ (కాలి పెడళ్లతో కదిలే నిలువు తోక పలక). రెక్క మళ్లీ పనిచేయడం మొదలయ్యాకే ఐలరాన్లు.

స్పిన్ ఎలా మొదలవుతుంది?

రెండు దినుసులు కావాలి: స్టాల్, పక్కకు తిరగడం. ఒకటి లేకపోతే రెండోది స్పిన్ కాదు. స్టాల్ అయిన క్షణంలో ముక్కు ఎడమకు జరిగిందనుకోండి. ఎడమ రెక్క వెనక్కీ కిందికీ పోతుంది కాబట్టి దాని కోణం పెరిగి ఇంకా లోతుగా స్టాల్ అవుతుంది. కుడి రెక్క స్టాల్ అయినా కొంచెం తక్కువగా అవుతుంది, దానికి ఇంకాస్త లిఫ్ట్ మిగిలి ఉంటుంది. ఆ తేడాయే విమానాన్ని తిప్పుతుంది. తిరిగేకొద్దీ తేడా అలాగే నిలుస్తుంది. ఇక పైలట్ కొత్తగా ఏమీ చేయనక్కర్లేదు, స్టిక్ వెనక్కి పట్టుకుని కూర్చుంటే చాలు, అదే తిరుగుతూ ఉంటుంది.

డెకథ్లాన్‌లో స్పిన్ ఎలా ఉంటుందో దగ్గరగా చెబుతాను. నేల నుంచి 5,000 అడుగులకు పైన ఉన్నాం. థ్రాటిల్ (ఇంజన్ పవర్ మీట) మూసేశాం. ఎత్తు పోకుండా స్టిక్‌ను కొంచెం కొంచెంగా వెనక్కి తెస్తున్నాం. గాలి హోరు తగ్గిపోతుంది, పక్క కిటికీ రేకు చప్పుడు కూడా వినిపిస్తుంది. స్టిక్ కడుపుకు తగిలేంత వెనక్కి వచ్చింది, విమానం వణికింది. అదే క్షణంలో ఎడమ రడ్డర్ పూర్తిగా. ముక్కు ఎడమకు జారి, ఎడమ రెక్క కింద పడిపోయి, విమానం దాదాపు వెల్లకిలా పడుతున్నట్టు అనిపిస్తుంది. మరుక్షణం అద్దం నిండా పొలాలే. మొదటి చుట్టులో పొలాలు తడబడుతూ తిరుగుతాయి. రెండో చుట్టు ఇంకాస్త వేగంగా, ఇంకాస్త సాఫీగా. ఎయిర్‌స్పీడ్ ముల్లు మాత్రం స్టాల్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ముక్కు నేలవైపు ఉన్నా వేగం పెరగకపోవడం చూసి కొత్తవాళ్లు నమ్మలేరు. రెక్కలు ఇంకా స్టాల్‌లోనే ఉన్నాయనడానికి అదే రుజువు.

చిన్న విమానాల్లో స్పిన్ కుదురుకోవడానికి సుమారు రెండు చుట్లు పడుతుంది. ఆ లోపు బయటపడటం తేలిక. ఒక చుట్టు తిరిగి, ఆపి, డైవ్ నుంచి తేరుకునేసరికి సుమారు 1,000 అడుగులు ఖర్చవుతాయని లెక్క వేసుకోవాలి. ల్యాండింగ్‌కు తిరిగేటప్పుడు జరిగే స్పిన్ ప్రాణాలు తీసేది అందుకే. అక్కడ విమానం ఎత్తే అంత ఉండదు.

స్పిన్‌కీ స్పైరల్‌కీ తేడా ఎలా కనిపెట్టాలి?

ఎయిర్‌స్పీడ్ చూడండి. స్పిన్‌లో తక్కువగా, దాదాపు కదలకుండా ఉంటుంది. స్పైరల్ డైవ్‌లో (ఒక పక్కకు వాలి వలయంగా కిందికి దూసుకెళ్లేటప్పుడు) పెరుగుతూ పోతుంది, జీ కూడా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ రెక్కలు స్టాల్ కాలేదు. సెస్నా 150, 152 లాంటివి స్పిన్‌లో పెట్టి వదిలేస్తే కొన్ని చుట్ల తర్వాత అవే స్పైరల్‌లోకి జారిపోవడం మామూలు. అప్పుడు స్పిన్ రికవరీ చేస్తూ కూర్చుంటే వేగం హద్దు దాటిపోతుంది.

స్పిన్ నుంచి బయటికి రావడం ఎలా?

చాలా విమానాలకు వరస ఇది. థ్రాటిల్ పూర్తిగా మూయాలి. ఐలరాన్లు మధ్యలో. తిరుగుతున్న దిక్కుకు ఎదురు రడ్డర్ పూర్తిగా, చివరిదాకా. ఆ తర్వాత స్టిక్ ముందుకు. తిరగడం ఆగగానే రడ్డర్ మధ్యకు తెచ్చి, డైవ్ నుంచి నెమ్మదిగా లేవాలి. ఇంగ్లిష్‌లో దీన్ని PARE (పవర్, ఐలరాన్, రడ్డర్, ఎలివేటర్ మొదటి అక్షరాలు; ఎలివేటర్ అంటే స్టిక్ ముందుకు వెనక్కి కదిపే తోక పలక) అనే పొట్టి పేరుతో గుర్తు పెట్టుకుంటారు.

వరస మారితే ఏమవుతుందో కూడా తెలియాలి. రడ్డర్ కంటే ముందు స్టిక్ ముందుకు తోస్తే స్పిన్ ఆగకపోగా వేగం పుంజుకుంటుంది. చేతులు చాచి తిరుగుతున్న మనిషి చేతులు దగ్గరికి లాక్కుంటే ఎలా వేగంగా తిరుగుతాడో అదీ అలాగే. పిట్స్‌లో ఇంకో ప్రమాదం ఉంది. స్పిన్ దిక్కు రడ్డర్ మీద కాలు అలాగే ఉంచి స్టిక్‌ను బలంగా ముందుకు తోస్తే, నిటారు స్పిన్ కాస్తా తలకిందుల స్పిన్‌గా మారిపోతుంది. పైలట్‌కు మార్పు తెలియకపోవచ్చు కూడా, ఎందుకంటే అంతా అదే దిక్కున తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. అప్పటిదాకా సరైన పద్ధతి అనుకున్నది అక్కడి నుంచి తప్పవుతుంది.

రెండో పద్ధతిని కనిపెట్టి ప్రచారం చేసినవాళ్లు అమెరికన్ పైలట్ జీన్ బెగ్స్, స్విస్ ఏరోబాటిక్ పైలట్ ఎరిక్ ముల్లర్. థ్రాటిల్ మూసి, స్టిక్ వదిలేసి, ఎదురు రడ్డర్ పూర్తిగా తొక్కి, తిరగడం ఆగగానే రడ్డర్ మధ్యకు తెచ్చి పైకి లేవడం. గజిబిజిలో ఏ దిక్కో తెలియకపోతే ఏ పెడల్ బరువుగా తగిలితే అది తొక్కమంటారు. పిట్స్‌లో ఇది చక్కగా పనిచేస్తుంది. అన్ని విమానాల్లోనూ కాదు. అందుకే విమానం హ్యాండ్‌బుక్‌లో స్పిన్ పేజీని కంఠస్థం చేయాల్సిందే. ఇంటర్నెట్‌లో చూసిన వీడియో దానికి బదులు కాదు.

తిరగడం ఆగాక కూడా పని అయిపోలేదు. చెవి లోపలి ద్రవం ఇంకా తిరుగుతూ ఉంటుంది కాబట్టి, విమానం ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఆ భ్రమను నమ్మి రడ్డర్ తొక్కితే మళ్లీ స్పిన్. నేల దగ్గరకొస్తోందని కంగారుపడి స్టిక్ గట్టిగా లాగితే మళ్లీ స్టాల్.

స్పిన్ నుంచి బయటపడే దారి మొదట ఎవరు కనిపెట్టారు?

రడ్డర్ సంగతి బయటపడింది 1912 ఆగస్టు 25న, ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ మైదానం మీద. లెఫ్టినెంట్ విల్‌ఫ్రెడ్ పార్క్ ఒక ఆవ్రో బైప్లేన్‌ను కిందికి తిప్పుతూ దించుతుండగా స్పిన్‌లో పడ్డాడు. స్టిక్ వెనక్కి లాగాడు, లాభం లేదు. తిరుగుతున్న దిక్కుకే రడ్డర్ ఇచ్చాడు, ఇంకా చెడింది. చివరికి ఎదురు రడ్డర్ పూర్తిగా తొక్కితే విమానం నేలకు 50 అడుగుల ఎత్తులో తేరుకుంది. చూసినవాళ్లు దానికి పార్క్ డైవ్ అని పేరు పెట్టారు. పార్క్ ఏం చేశాడో అంతా వివరంగా చెప్పాడు, కానీ అదే ఏడాది డిసెంబర్‌లో మరో విమాన ప్రమాదంలో చనిపోయాడు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫార్న్‌బరోలో భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ లిండెమాన్ స్వయంగా పైలట్ శిక్షణ తీసుకుని, విమానాన్ని కావాలని స్పిన్‌లో పెట్టి, తిరుగుతుండగా రీడింగులు తీసుకున్నాడు. పారాచూట్ లేకుండా. ఆ ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఫ్లాట్ స్పిన్ అంటే ఏమిటి? దాని నుంచి బయటపడలేరంటారు, నిజమేనా?

మామూలు స్పిన్‌లో ముక్కు బాగా కిందికి ఉంటుంది. ఫ్లాట్ స్పిన్‌లో ముక్కు దిగంతం వైపు లేచి, విమానం దాదాపు బల్లపరుపుగా, బొంగరంలా తిరుగుతుంది. బరువు వెనకవైపు ఎక్కువగా ఉంటే అదే వస్తుంది, అప్పుడు బయటపడటం కష్టం. కొన్నిసార్లు అసాధ్యం. స్పిన్ చేసే రోజు బరువు లెక్క కట్టకుండా ఎగరకూడదు అనేది అందుకే. వెనక సీటులో ఒక బ్యాగు పెట్టడం కూడా లెక్కలోకి వస్తుంది.

ఏరోబాటిక్ పైలట్లు దీన్ని కావాలనే చేస్తారు, పవర్ వాడి. పైలట్ సీటు నుంచి చూస్తే, ఈ విమానాల్లో ఉండే లైకమింగ్ ఇంజన్ల ప్రొపెల్లర్ కుడివైపుకు తిరుగుతుంది. విమానం ఎడమకు తిరిగినప్పుడు ఆ ప్రొపెల్లర్ గైరోలా (వేగంగా తిరిగే బరువైన చక్రంలా) పనిచేసి ముక్కును పైలట్ తలవైపుకు లేపుతుంది. అందుకని నిటారు ఫ్లాట్ స్పిన్‌కు ఎడమ రడ్డర్, ఎదురు ఐలరాన్, ఫుల్ పవర్. తలకిందుల ఫ్లాట్ స్పిన్‌కు కుడి రడ్డర్. రష్యా ఏరోబాటిక్ విమానాలు సుఖోయ్ 26, 29లలో వాడే ఎం-14 రేడియల్ ఇంజన్ ప్రొపెల్లర్ ఎదురు దిక్కుకు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఎడమ, కుడి తారుమారు. ఒక విమానంలో చేసిన అలవాటు ఇంకో విమానంలోకి ఎక్కగానే కొంప ముంచేది ఇలాంటి చోట్లే.

పిట్స్‌లో, ఎక్స్‌ట్రాలో బరువు సరిగ్గా ఉంటే, పవర్ తీసేయగానే ముక్కు కిందికి వచ్చి మామూలు స్పిన్ అవుతుంది, అక్కడి నుంచి బయటికి రావచ్చు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. ఆర్ట్ షోల్ అమెరికాలో పేరు మోసిన ఎయిర్ షో పైలట్. 1985 సెప్టెంబర్ 16న కాలిఫోర్నియా తీరం దగ్గర ఒక సినిమా కోసం పిట్స్ ఎస్-2లో స్పిన్ చిత్రీకరిస్తూ సముద్రంలో పడిపోయాడు. ఆయనా దొరకలేదు, విమానమూ దొరకలేదు. ఏం జరిగిందో ఇప్పటికీ తేలలేదు.

తలకిందుల స్పిన్‌లో గందరగోళం ఎక్కువంటారు. ఎందుకు?

నిటారు స్పిన్‌లో విమానం దొర్లేదీ, ముక్కు తిరిగేదీ ఒకే పక్కకు. తలకిందుల స్పిన్‌లో పైలట్‌కు అవి ఎదురెదురుగా కనిపిస్తాయి. అక్కడ తల వెనక్కి వంచి నేలను చూస్తే కంటికి తగిలేది దొర్లడమే. దాన్ని నమ్మి రడ్డర్ తొక్కితే తప్పు పెడల్ అవుతుంది. కళ్లు ముక్కు మీదే, ఇంజన్ మూత మీదుగా తిన్నగా ముందుకే చూడాలి. అది ఎటు జరుగుతోందో దానికి ఎదురు రడ్డర్. స్లిప్ బంతిని (విమానం పక్కకు జారుతోందా అని చూపే పరికరాన్ని) అసలు నమ్మొద్దు. స్టిక్ విషయంలో కూడా తేడా ఉంది. ఇక్కడ స్టిక్ ముందుకు తోసి ఉండటం వల్ల స్టాల్ అయింది కాబట్టి, బయటికి రావాలంటే వెనక్కి తేవాలి. ఇవన్నీ చదివితే సులువే. పట్టీలకు వేలాడుతూ, రక్తం తలకెక్కి, నేల నెత్తి మీద తిరుగుతుంటే కాళ్లూ చేతులూ ఆడవు. అందుకే ఇన్‌స్ట్రక్టర్‌తో ముందుగా చేసి చూడాలి.

స్నాప్ రోల్ అంటే? మామూలు రోల్‌తో తేడా ఏమిటి?

స్నాప్ రోల్, బ్రిటిష్ వాళ్ల మాటలో ఫ్లిక్ రోల్, అడ్డంగా పడుకోబెట్టిన స్పిన్. మామూలు రోల్‌లో రెక్కలు ఎగురుతూ ఉంటాయి, ఐలరాన్లు తిప్పుతాయి. స్నాప్‌లో రెక్కలు స్టాల్ అవుతాయి, తిప్పేది రడ్డర్. స్పిన్‌లో నెమ్మదిగా జరిగేదంతా ఇక్కడ వేగంలో, జీ మీద, కళ్లు మూసి తెరిచేలోపు జరిగిపోతుంది.

పిట్స్‌లో ఎడమకు స్నాప్ ఇలా ఉంటుంది. వేగం సరిచూసుకుని, స్టిక్‌ను ఒక్క ఉదుటున వెనక్కి, కానీ పూర్తిగా కాదు. ముక్కు లేచీ లేవకముందే ఎడమ రడ్డర్ చివరిదాకా. విమానం ఎవరో చెంప మీద కొట్టినట్టు తిరిగిపోతుంది. తిరగడం మొదలవగానే స్టిక్‌ను కొద్దిగా ముందుకు సడలించాలి, అప్పుడు తిరిగే వేగం ఇంకా పెరుగుతుంది. ఆపడానికి ఎదురు రడ్డర్, స్టిక్ ముందుకు. అదీ రెక్కలు సమంగా వచ్చాక కాదు, ఇంకా కొంత తిరగాల్సి ఉండగానే. కొత్తవాళ్లందరూ ఆలస్యంగా ఆపుతారు, పావు చుట్టు ఎక్కువ తిరుగుతారు.

ఎక్కువమంది పాడుచేసేది స్టిక్ దగ్గరే. బాగా లాగితే బాగా తిరుగుతుందనుకుంటారు. అలా లాగితే రెండు రెక్కలూ లోతుగా స్టాల్ అయి, వాటి మధ్య తేడా తగ్గి, విమానం బద్ధకంగా, పెద్ద వలయంలో ఈడ్చుకుంటూ తిరుగుతుంది. వేగమంతా హరించుకుపోతుంది. ఎక్స్‌ట్రాలో ఇది ఇంకా సున్నితం. కొంచెం లాగి, వెంటనే సడలించాలి. డెకథ్లాన్ మాత్రం సోమరిది. దానికి స్టిక్ ఎక్కువ కావాలి, ఎక్కువసేపు పట్టుకోవాలి, మొదలవడానికీ ఆగడానికీ తొందరపడదు. నేర్చుకోవడానికి నాకు అదే మేలనిపిస్తుంది. ఏ క్షణంలో ఏం జరిగిందో చూసేంత తీరిక ఇస్తుంది.

ఎంత వేగంలో స్నాప్ చేయొచ్చు?

హ్యాండ్‌బుక్‌లో రాసిన గరిష్ఠ వేగం దాటకూడదు. పైన చెప్పిన లెక్కే మళ్లీ వేయండి. స్టాల్ స్పీడ్ 60 మైళ్లయితే, 120 దగ్గర స్నాప్‌కు 4 జీ. 150 దగ్గర 6.25 జీ. 180 దగ్గర 9 జీ. డెకథ్లాన్ హద్దు ప్లస్ 6, మైనస్ 5. పిట్స్ ఎస్-2బికి ప్లస్ 6, మైనస్ 3. ఎక్స్‌ట్రా 300లో ఒక్కరే ఉంటే ప్లస్ 10, మైనస్ 10, ఇద్దరుంటే 8. అంటే 150 మైళ్ల దగ్గర డెకథ్లాన్‌ను స్నాప్ చేస్తే హద్దు దాటేసినట్టే.

పైగా స్నాప్‌లో రెక్కల మీద పడేది జీ ఒక్కటే కాదు, మెలి కూడా పడుతుంది. ఒక రెక్క మీద ఎక్కువ, ఇంకో రెక్క మీద తక్కువ భారం. తోక మీద పక్క నుంచి దెబ్బ. ప్రొపెల్లర్ గైరో బలమంతా క్రాంక్‌షాఫ్ట్ మీద పడుతుంది. బరువైన మెటల్ ప్రొపెల్లర్ ఉంటే అది మరీ ఎక్కువ. ఏరోబాటిక్ విమానాలకు తేలికపాటి కంపోజిట్ ప్రొపెల్లర్లు వేయడానికి ఇదొక ముఖ్య కారణం. పాత విమానం కొనాలనుకునేవాళ్లు దాని మీద ఎన్ని స్నాప్‌లు కొట్టారో కనుక్కోవడం మంచిది.

పోటీల్లో వీటికి మార్కులు ఎలా వేస్తారు?

స్పిన్‌లో ముందు స్టాల్ కనిపించాలి. ముక్కు, రెక్క ఒకేసారి పడాలి. స్టాల్ కాకుండానే రడ్డర్‌తో బలవంతంగా తోసేస్తే సున్నా. స్నాప్‌లో తిరగడం మొదలయ్యే ముందు ముక్కు దారి తప్పి లేవడం జడ్జికి కనిపించాలి, లేకపోతే అది ఐలరాన్ రోల్ కిందే లెక్క. స్పెయిన్‌కు చెందిన అరెస్టి రూపొందించిన గుర్తుల లిపిలో స్నాప్‌కు త్రిభుజం గీస్తారు. ఖాళీ త్రిభుజమైతే పాజిటివ్ (స్టిక్ లాగి చేసేది), నింపినదైతే నెగటివ్ (స్టిక్ తోసి చేసేది).

సెస్నా 172తో స్పిన్ నేర్చుకోవచ్చా?

హ్యాండ్‌బుక్‌లో యుటిలిటీ కేటగిరీకి రాసిన హద్దుల్లో బరువు ఉంటే, హ్యాండ్‌బుక్ అనుమతిస్తే, ఇన్‌స్ట్రక్టర్‌తో స్పిన్ చేయొచ్చు. స్నాప్ మాత్రం వద్దే వద్దు. సర్టిఫికేషన్‌లో నార్మల్ కేటగిరీ విమానం ఒక్క చుట్టు స్పిన్ నుంచి బయటపడితే చాలంటారు. ఏరోబాటిక్ విమానం ఆరు చుట్లు తిరిగాక కూడా, ఇంకో చుట్టున్నరలోపు ఆగాలి. ఒక్క చుట్టు దాటాక నార్మల్ విమానం ఏం చేస్తుందో ఎవరూ మీకు హామీ ఇవ్వలేదని దాని అర్థం.

మన దేశంలో స్పిన్ శిక్షణ ఉందా?

వైమానిక దళంలో తప్పనిసరి. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ అకాడమీలో కేడెట్లు ఒకప్పుడు హెచ్‌పీటీ-32 మీద నేర్చుకునేవారు. దాన్ని 2009లో నిలిపేశారు. 2013 నుంచి పిలాటస్ పీసీ-7 మార్క్ 2 వచ్చింది. హెచ్ఏఎల్ కొత్త శిక్షణ విమానం హెచ్‌టీటీ-40 మొదటిసారి ఎగిరింది 2016 మే 31న.

స్పిన్ ఎంత మొండి సమస్యో తెలియాలంటే హెచ్ఏఎల్ హెచ్‌జేటీ-36 సితార కథ చూడాలి. పాత శిక్షణ జెట్లు కిరణ్ విమానాల స్థానంలో రావాల్సిన ఈ జెట్ 2003లోనే గాల్లోకి లేచింది. స్పిన్ దగ్గర చిక్కుపడి ఏళ్ల తరబడి ఆగిపోయింది. చివరికి నిలువు తోకను వెనక్కి జరిపి, రడ్డర్ పొడవు పెంచి, 2019లో మళ్లీ పరీక్షలు మొదలుపెట్టారు. కుడికీ ఎడమకీ ఆరేసి చుట్లు తిరిగి బయటపడిందని 2022లో ప్రకటించారు. ఇప్పుడు దాని పేరు యశస్. ఎగరడం మొదలుపెట్టిన 19 ఏళ్లకు ఆరు చుట్లు! స్పిన్‌ను కాగితం మీద పూర్తిగా లెక్కగట్టలేమని ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఆ పరీక్షలు చేసిన పైలట్లకు నమస్కారం పెట్టాలి.

సివిల్ పైలట్లకు ఏరోబాటిక్ విమానంలో నేర్చుకునే చోటు ఇక్కడ దొరకడం కష్టం. అమెరికాలో చదువుతున్న మనవాళ్లకు మాత్రం అవకాశం ఉంది. అక్కడ కూడా 1949 నుంచి ప్రైవేట్ లైసెన్స్‌కు స్పిన్ తప్పనిసరి కాదు, తాము ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలనుకుంటేనే చేయాలి. లైసెన్స్‌కు అడగకపోయినా నేర్చుకోండని నేను గట్టిగా చెబుతాను. జీవితంలో మొదటి స్పిన్ ఒంటరిగా, తక్కువ ఎత్తులో ఎదురుకాకూడదు.

అమెరికాలో నేర్చుకోవాలంటే రూల్స్ ఏమిటి?

నేల నుంచి 1,500 అడుగుల కింద ఏరోబాటిక్స్ నిషేధం. పక్కన ఇంకొకరు ఉండి, 60 డిగ్రీల బ్యాంక్ గానీ 30 డిగ్రీల పిచ్ (ముక్కు పైకీ కిందికీ వంగే కోణం) గానీ దాటితే ఇద్దరికీ పారాచూట్లు ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్‌తో చేసే స్పిన్ శిక్షణకు మినహాయింపు ఉంది గానీ, పారాచూట్ ఉన్న స్కూలే ఎంచుకోండి. 1,500 అడుగులు చట్టం పెట్టిన కనిష్ఠ హద్దు మాత్రమే. నేర్చుకునేవాళ్లు స్పిన్ పూర్తిగా ఆగేసరికి 3,000 అడుగుల పైనే ఉండాలి.

కడుపులో తిప్పదా?

తిప్పుతుంది, చాలామందికి. స్పిన్‌లో, స్నాప్‌లో ఇంకా ఎక్కువ. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఖాళీ కడుపుతో వెళ్లకండి, మెక్కి కూడా వెళ్లకండి. రెండు ఇడ్లీలు తిని వెళ్తే సరిపోతుంది. మొదటి పాఠాలు 20, 30 నిమిషాలకు మించొద్దు. చెమట పట్టి నోట్లో నీళ్లు ఊరడం మొదలైతే వెంటనే చెప్పండి. ఓర్చుకుంటే ఆ రోజు పాఠమే కాదు, తర్వాతి రెండు పాఠాలూ పాడవుతాయి. వారం వారం చేస్తూ ఉంటే ఒళ్లు అలవాటు పడుతుంది, మానేస్తే ఆ అలవాటు పోతుంది.

మొదటి రోజు ఏం తీసుకెళ్లాలి?

ఏమీ తీసుకెళ్లకపోవడమే మంచిది. పలచటి అడుగున్న, లేసులు గట్టిగా కట్టుకున్న బూట్లు వేసుకోండి, రడ్డర్ పెడల్ పాదానికి తెలియాలి. ఫోన్, పెన్ను, తాళాలు, చిల్లర అన్నీ జేబుల్లోంచి తీసి నేల మీదే వదిలేయండి. విమానం తలకిందులైనప్పుడు జారిపడ్డ తాళం చెవి రడ్డర్ తీగల దగ్గరో, స్టిక్ మొదట్లోనో ఇరుక్కుంటే దాన్ని వెతకడానికి ఎవరికీ టైమ్ ఉండదు. ఎక్కే ముందు ఇన్‌స్ట్రక్టర్ టార్చిలైటు వేసి సీట్ల కింద వెతకడం చూస్తే మంచి స్కూలుకే వచ్చారని అనుకోవచ్చు.